గ్రంథాలయం కంప్యూటర్‌లో మీ ఆధార్ కాపీ ఎంతసేపు ఉంటుంది?

2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది. ఇంటర్నెట్ కేంద్రాల్లోని పబ్లిక్ కంప్యూటర్లలో ఈ-ఆధార్ డౌన్‌లోడ్ చేసుకోకండి, తప్పనిసరై చేసుకుంటే ఆ కంప్యూటర్‌లోని కాపీలన్నీ శాశ్వతంగా తొలగించండి అన్నది అందులో ఒక సూచన. ఆధార్ ప్రతిని ఎవరికి పడితే వారికి ఇవ్వవద్దన్న మాటా ఉండడంతో గగ్గోలు పుట్టింది. రెండు రోజుల్లో, మే 29న, అపార్థానికి తావుందంటూ కేంద్రం ఆ ప్రకటనను వెనక్కి తీసుకుంది. మామూలు జాగ్రత్త చాలునంది.

ప్రకటన పోయినా, అది లేవనెత్తిన ప్రశ్న ఎక్కడికీ పోలేదు. శాశ్వతంగా తొలగించడం అంటే ఏమిటి? డిలీట్ నొక్కితే అయిపోతుందా? అసలు ఆ పని ఎవరిది? పది నిమిషాల కోసం వచ్చి కూర్చున్న మనిషిదా, కంప్యూటర్ పెట్టిన సంస్థదా? గ్రంథాలయాల్లో ఆన్‌లైన్ సేవలు అందించాలనుకునే ప్రతి చోటా ముందు తేలాల్సినవి ఇవే. అంతర్జాలం వేగం, కుర్చీల సంఖ్య తర్వాతి సంగతి.

ఒక పేట, ఒక అవసరం

భిలాయిలోని వైశాలి నగర్‌ని ఉదాహరణగా తీసుకుందాం. సోవియట్ సహకారంతో ఉక్కు కర్మాగారం కట్టడానికి 1955లో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. పని కోసం దేశం నలుమూలల నుంచి జనం వచ్చారు. తెలుగు జిల్లాల నుంచి వచ్చినవారూ తక్కువేమీ కాదు. అందుకే ఆ ఊరిని మినీ ఇండియా అంటారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు కంపెనీ సెక్టార్లలో క్వార్టర్, పదవీ విరమణ తర్వాత బయటి కాలనీల్లో సొంతిల్లు. వైశాలి నగర్ అలాంటి బయటి కాలనీల్లో ఒకటి.

ఇలాంటి చోట డెబ్బై ఏళ్ల తెలుగు పెన్షనర్‌కు ఒక ఏడాదిలో ఏయే ఆన్‌లైన్ పనులు పడతాయో లెక్కేయండి. ఏడాదికోసారి జీవన్ ప్రమాణ్. భవిష్యనిధి పాస్‌బుక్. మనవరాలి కోసం ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ పోర్టల్‌లో ఆదాయ ధ్రువపత్రం. ఊళ్లో మిగిలిన ఎకరం భూమి రికార్డు చూడాలంటే ఆంధ్రప్రదేశ్ వారి మీభూమి. మొదటివి హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి, చివరిది తెలుగులో. ఇంట్లో పిల్లలుంటే పని జరిగిపోతుంది. పిల్లలు బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉంటే చాయిస్ సెంటర్‌కో, వీధి చివరి దుకాణానికో వెళ్లాలి. అక్కడ కుర్రాడు అడుగుతాడు, అంకుల్ ఓటీపీ చెప్పండి అని. చెప్పేస్తారు. చాలాసార్లు ఏమీ కాదు. కానీ ఆ క్షణంలో తన ఖాతా మీద తనకున్న తాళంచెవి వేరొకరి చేతిలో పెట్టారన్నది మాత్రం నిజం.

గ్రంథాలయం ఇక్కడ మూడో దారి కాగలదు. ఇది తెలుగువారికి కొత్త ఊహ కాదు. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన నాటికే మన గ్రంథాలయం పుస్తకాల గది మాత్రమే కాదు. చదువు రానివారికి పత్రిక చదివి వినిపించిన చోటు కూడా. ఇప్పుడు పత్రిక స్థానంలో పోర్టల్ వచ్చింది. అయితే ఒక పెద్ద తేడా ఉంది. పత్రిక చదివి వినిపిస్తే వినేవారి రహస్యమేదీ బల్ల మీద మిగలదు. పోర్టల్ తెరిస్తే మిగులుతుంది.

ప్రతి సేవకూ ఒక సాఫ్ట్‌వేర్ పెట్టాలా?

గ్రంథాలయాధికారికి మొదట ఎదురయ్యేది ఈ ప్రశ్నే. దీని వయసు ముప్పై ఏళ్లు. 1990లలో అమెరికా ఆన్‌లైన్ వంటి సేవలు వాడాలంటే ఆ సంస్థ ఇచ్చిన సీడీతో దాని సొంత సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి. ఇంట్లో సరే. అందరూ వాడే కంప్యూటర్‌లో ఎన్ని సంస్థల సాఫ్ట్‌వేర్లు వేస్తారు? 1996 జులై 4న మొదలైన హాట్‌మెయిల్ ఈ చిక్కుముడిని వేరే వైపు నుంచి విప్పింది. బ్రౌజర్ ఉన్న ఏ కంప్యూటర్ నుంచైనా ఉత్తరాలు చదువుకోవచ్చు, ఏమీ వేయక్కర్లేదు. నేటి ప్రభుత్వ పోర్టళ్లలో ఎక్కువ భాగం ఆ దారిలోనే నడుస్తున్నాయి. డిజిలాకర్ 2015లో, ఉమంగ్ 2017లో వచ్చాయి. రెండూ బ్రౌజర్‌లోనూ పనిచేస్తాయి.

కాబట్టి సాధారణ సూత్రం తేలికే. బ్రౌజర్‌లో అయ్యే పనికి విడిగా సాఫ్ట్‌వేర్ వేయకూడదు. వేసిన ప్రతి ప్రోగ్రామూ రేపు అప్‌డేట్ చేయాల్సిన బాధ్యత, మూయాల్సిన ఒక కిటికీ. మినహాయింపులు రెండున్నాయి. ఒకటి, తెలుగు ఫాంట్లు, తెలుగు కీబోర్డు, చూపు లేనివారికి స్క్రీన్ రీడర్. ఇవి సేవకు సంబంధించినవి కావు, మనిషికి సంబంధించినవి. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం, తెలుగునూ చదువుతుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు విండోస్‌లో, లినక్స్‌లో ముందే ఉంటుంది, ఆన్ చేయడమే తరువాయి. రెండోది వేలిముద్ర పరికరం. దాని సంగతి చివర్లో చూద్దాం.

ఒక్కటి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఉండకూడదు. అది ఎక్కడో కూర్చుని మన తెరను నడిపే ఎనీడెస్క్ లాంటి రిమోట్ సాఫ్ట్‌వేర్. సాయం చేస్తామంటూ ఫోన్ చేసి అలాంటి యాప్ వేయించి ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వ్ బ్యాంక్ 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. గ్రంథాలయం కంప్యూటర్‌లో అది ముందే ఉంటే మోసగాడికి సగం పని చేసిపెట్టినట్టే.

చెప్పుల స్టాండు టోకెన్

బ్రౌజర్‌తో సరిపెట్టాం సరే, అది ఏమేం దాచుకుంటుందో తెలియాలి. వెబ్ పనిచేసే పద్ధతికి పుట్టుకతోనే మతిమరుపు ఉంది. మీరు ఒక పేజీ అడుగుతారు, సర్వర్ ఇస్తుంది, అంతటితో మిమ్మల్ని మరిచిపోతుంది. రెండో పేజీ అడిగేసరికి మీరెవరో దానికి తెలియదు. అలాగైతే లాగిన్ అన్నదే సాధ్యం కాదు. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మోంటూలీ దీనికి కుకీ అనే ఉపాయం కనిపెట్టారు. మీరు పాస్‌వర్డ్, ఓటీపీ ఇచ్చి లోపలికి వెళ్లగానే సర్వర్ మీ బ్రౌజర్‌కు ఒక పొడవైన రహస్య సంఖ్య ఇస్తుంది. ఆపై ప్రతి పేజీకీ బ్రౌజర్ ఆ సంఖ్య చూపిస్తుంది, సర్వర్ గుర్తుపడుతుంది.

గుడి ముందు చెప్పుల స్టాండు టోకెన్ అచ్చం ఇంతే. స్టాండు వాడు మీ మొహం గుర్తు పెట్టుకోడు. టోకెన్ ఎవరు చూపిస్తే చెప్పులు వాళ్లకి ఇస్తాడు. పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా, ఓటీపీ ఎంత రహస్యంగా ఉంచినా, లోపలికి వెళ్లాక పనిచేసేది టోకెనే. లాగవుట్ నొక్కితే సర్వర్ ఆ టోకెన్‌ను రద్దు చేస్తుంది. కిటికీ మూసేస్తే రద్దు కాదు. పైగా, ఆపిన చోటి నుంచి మొదలుపెట్టు అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, బ్రౌజర్ మళ్లీ తెరవగానే పాత పేజీలతో పాటు పాత టోకెన్లూ తిరిగి రావచ్చు. ప్రభుత్వ, బ్యాంకు సైట్లు కొద్ది నిమిషాలు కదలిక లేకపోతే తామే బయటికి పంపిస్తాయి. ఈమెయిల్ మాత్రం అలా కాదు, రోజుల తరబడి తెరిచే ఉంటుంది. మిగతా ఖాతాల పాస్‌వర్డ్ మరిచిపోతే కొత్తది వచ్చేది చాలాసార్లు ఆ ఈమెయిల్‌కే.

ప్రైవేట్ విండో వాడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. కొంతవరకు నిజమే. అన్ని ప్రైవేట్ విండోలూ మూసేశాక కుకీలు, చూసిన పేజీల జాబితా పోతాయి. అన్నీ మూసేశాక అన్న మాట ముఖ్యం. ఒక్కటి తెరిచి ఉన్నా తర్వాత వచ్చినవారు అదే సెషన్‌లో ఉంటారు. ఇక డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లను అది అసలు ముట్టుకోదు.

తాళం చెక్కు చెదరలేదు, సంకేతమే తెలిసిపోయింది

ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది కదా, మిగిలిపోతే మాత్రం ఏం? లెక్క వేద్దాం. ఆ పాస్‌వర్డ్ ఎలా ఉంటుందో బహిరంగమే. పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, ఆ వెంటనే పుట్టిన సంవత్సరం. పేరు సురేశ్ కుమార్, పుట్టింది 1990 అయితే ఎస్, యు, ఆర్, ఇ, ఆపై 1990.

పేరు బొత్తిగా తెలియదనుకుందాం. నాలుగు అక్షరాలకు 26 చొప్పున 26 × 26 × 26 × 26, అంటే 4,56,976 అవకాశాలు. సంవత్సరానికి ఒక వంద. మొత్తం సుమారు 4.57 కోట్లు. పెద్ద సంఖ్యలాగే కనిపిస్తుంది. కానీ సెకనుకు 10 వేల ప్రయత్నాలు చేసే ప్రోగ్రామ్ ఉందనుకుంటే 76 నిమిషాల్లో అన్నీ అయిపోతాయి. ఇప్పుడు పేరు తెలుసనుకుందాం. గ్రంథాలయం రిజిస్టర్‌లో పక్క వరుసలోనే రాసి ఉంటుంది కదా. అప్పుడు మిగిలేవి 100 మాత్రమే. మనిషిని చూశాం, అరవై ఐదుకీ డెబ్బై ఐదుకీ మధ్య ఉంటాయి అనుకుంటే 11. ఒక్కో ప్రయత్నానికి 10 సెకన్లు వేసుకున్నా, ప్రోగ్రామ్ ఏదీ లేకుండా, చేత్తో టైప్ చేస్తూ, రెండు నిమిషాల్లో ఫైల్ తెరుచుకుంటుంది.

మన తెలుగువాళ్లకు ఇందులో ఇంకో ఇబ్బంది ఉంది. ఆధార్‌లో చాలామంది పేరు ఇంటిపేరుతో మొదలవుతుంది. అంటే ఇంటిల్లిపాదికీ ఆ నాలుగు అక్షరాలు ఒకటే. ఒకరిది తెలిస్తే మిగతావారికి సంవత్సరమొక్కటే తేడా. పీడీఎఫ్ గుప్తీకరణలో లోపమేమీ లేదు, తాళం గట్టిదే. తాళంచెవి ఏ గూట్లో పెడతారో ఊరందరికీ తెలియడమే సమస్య. ఆధార్ సంఖ్యలో చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకుంటే, ఫైల్ తెరుచుకున్నా నష్టం తగ్గుతుంది. ఆ ఎంపిక డౌన్‌లోడ్ పేజీలోనే ఉంటుంది. చాలామంది దాన్ని చూడకుండానే కిందికి వెళ్లిపోతారు.

కార్డు తీసేశారు, పుస్తకం షెల్ఫ్‌లోనే ఉంది

సరే, ఫైల్ డిలీట్ చేశారు. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశారు. పోయిందా?

గ్రంథాలయం భాషలోనే చెప్పుకుందాం. పాత గ్రంథాలయాల్లో ప్రతి పుస్తకానికీ కేటలాగ్ సొరుగులో ఒక కార్డు ఉండేది. కార్డు చింపేస్తే పుస్తకం మాయమైపోదు. ఏ షెల్ఫ్‌లో ఉందో తెలిపే ఆధారం పోతుంది, అంతే. హార్డ్ డిస్క్‌లో డిలీట్ చేస్తే జరిగేది ఇదే. ఫైల్ పేరు, అది డిస్క్ మీద ఎక్కడుందో చెప్పే వివరం తీసేసి, ఈ చోటు ఇక ఖాళీ అని రాసుకుంటుంది ఆపరేటింగ్ సిస్టమ్. అసలు సమాచారం, అంటే డిస్క్ మీది అయస్కాంత గుర్తులు, ఇంకొకటి దాని మీద పడే వరకు అలాగే ఉంటాయి. అది గంట కావచ్చు, సంవత్సరం కావచ్చు. షెల్ఫ్‌లన్నీ వరుసగా వెతికి అలాంటి పుస్తకాలు బయటికి లాగే ఉచిత ప్రోగ్రాములు బోలెడున్నాయి. పొరపాటున ఫొటోలు పోగొట్టుకున్నవారికి అవి వరం. ఇక్కడ మాత్రం కాదు.

ఎస్‌ఎస్‌డీలో కథ వేరు. అందులో ఎలక్ట్రాన్లను బంధించి ఉంచే సూక్ష్మ కణాలుంటాయి. రాసేది చిన్న పేజీల లెక్కన, చెరిపేది మాత్రం కొన్ని వందల పేజీలున్న పెద్ద బ్లాకు లెక్కన. చెరిపిన ప్రతిసారీ ఆ కణాలు కాస్త అరుగుతాయి. అందుకని అరుగుదల అంతటా సమానంగా ఉండేలా డ్రైవు కొత్త రాతను ప్రతిసారీ వేరే చోటుకు పంపిస్తుంది. పాత ఫైల్ మీద సున్నాలు రాసి చెరిపేద్దామనుకుంటే, ఆ సున్నాలు ఇంకెక్కడో పడతాయి. హార్డ్ డిస్క్ కాలం నాటి చిట్కా ఇక్కడ పనికిరాదు. అయితే నేటి ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఫైల్ డిలీట్ చేయగానే ట్రిమ్ అనే ఆదేశంతో ఆ పేజీలు ఇక అక్కర్లేదని డ్రైవుకు చెబుతాయి. డ్రైవు తీరిక చూసుకుని చెరిపేస్తుంది. ఫలానా నిమిషానికి చెరిగిపోయిందని వాడేవారు మాత్రం చెప్పలేరు.

అంటే, కాపీలన్నీ శాశ్వతంగా తొలగించండి అన్న సూచన పాటించడం సామాన్యుడి చేతిలో లేదు. ఆ బాధ్యతను అతని మీద పెట్టడమే నా దృష్టిలో తప్పు.

రాసి చెరపడం కాదు, రాయనివ్వకపోవడం

దీనికి పరిష్కారం చాలా కాలంగా ఉంది. డిస్క్ మీద అసలు రాయనివ్వకుండా ఉంటే చెరిపే పనే ఉండదు.

పుస్తకం పేజీ మీద పారదర్శకమైన కాగితం పరిచి, గీతలన్నీ దాని మీదే గీశారనుకోండి. చూసేవారికి పేజీ మీద గీసినట్టే కనిపిస్తుంది. కాగితం తీసి పారేస్తే పేజీ యథాతథం. కంప్యూటర్‌లో ఈ కాగితాన్ని ఓవర్‌లే అంటారు. డౌన్‌లోడ్ చేసిన పీడీఎఫ్, కుకీ, చూసిన పేజీల జాబితా, మార్చిన సెట్టింగ్, ఆఖరికి దొంగచాటుగా వచ్చిన వైరస్ కూడా ఆ పొర మీదే పడతాయి. కంప్యూటర్ రీస్టార్ట్ చేయగానే పొర పోతుంది. లినక్స్‌లో ఓవర్‌లే-ఎఫ్‌ఎస్ అనే ఈ సదుపాయం 2014 డిసెంబరులో వచ్చిన 3.18 కెర్నల్ నుంచి అందులో భాగమే. విండోస్ ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ రకాల్లో యూనిఫైడ్ రైట్ ఫిల్టర్ పేరుతో ఉంది. బయట కొనుక్కునే డీప్ ఫ్రీజ్‌ను కళాశాల ల్యాబుల్లో చాలామంది చూసే ఉంటారు.

గ్రంథాలయాల వంటి చోట్ల కోసం మైక్రోసాఫ్ట్ ఒకప్పుడు ఉచితంగానే ఒక పనిముట్టు ఇచ్చింది. 2005లో షేర్డ్ కంప్యూటర్ టూల్‌కిట్‌గా వచ్చి తర్వాత స్టెడీస్టేట్‌గా పేరు మారింది. 2010 చివరికి దాన్ని ఆపేశారు. చిన్న గ్రంథాలయాలకు అంత సులువైన ఉచిత పనిముట్టు విండోస్‌లో మళ్లీ రాలేదు. మామూలు హోమ్ రకం విండోస్‌లో రైట్ ఫిల్టర్ ఉండదు కాబట్టి, డబ్బు లేని చోట నేనైతే లినక్స్ వైపే మొగ్గుతాను. సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ తెలుగుతో పాటు మన భాషలతో వస్తుంది. బ్రౌజర్ వరకే పని అయినప్పుడు కింద ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉందో వాడేవారికి పెద్దగా తెలియను కూడా తెలియదు.

పొరను ఎక్కడ ఉంచాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. డిస్క్ మీదే ఒక మూల ఉంచితే, రీస్టార్ట్ తర్వాత కార్డు చింపిన పుస్తకాల కథే మళ్లీ మొదలు. ర్యామ్‌లో ఉంచాలి. ర్యామ్‌లో ఒక్కో బిట్టూ ఒక చిన్న కెపాసిటర్‌లోని విద్యుదావేశం. అది కారిపోతూనే ఉంటుంది. అందుకే ప్రతి 64 మిల్లీసెకన్లలోపు మళ్లీ నింపుతూ ఉండాలి. కరెంటు పోతే నింపేవారు ఉండరు, సమాచారం కారిపోతుంది. వెంటనే కాదు. 2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, కరెంటు తీసేశాక కూడా ర్యామ్‌లో సమాచారం కొన్ని సెకన్లు నిలుస్తుందనీ, చిప్‌ను బాగా చల్లబరిస్తే నిమిషాల పాటు ఉంటుందనీ చూపించారు. వేసవిలో 45 డిగ్రీలు చూసే భిలాయిలో దాని గురించి దిగులు పడక్కర్లేదు.

ర్యామ్ పొరకు ఒక పరిమితి ఉంది. అది నిండుతుంది. ఈ-ఆధార్ లాంటి ఫైళ్లు ఎన్ని తెచ్చుకున్నా ఏమీ కాదు. ఎవరైనా గంటసేపు వీడియోలు చూస్తే బ్రౌజర్ దాచుకునే ముక్కలతోనే నిండి కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది. ఒక్కో మనిషి తర్వాత రీస్టార్ట్ చేసే పద్ధతి పెట్టుకుంటే ఆ బాధా ఉండదు, పై టోకెన్ల బాధా ఉండదు. ఎస్‌ఎస్‌డీ ఉన్న కంప్యూటర్‌లో రీస్టార్ట్‌కు నిమిషం పట్టదు. అప్‌డేట్లు కూడా పొరతోనే పోతాయి కాబట్టి, వారానికోసారి పొర తీసి, అప్‌డేట్లు వేసి, మళ్లీ పరిచే పని ఒకరికి అప్పగించాలి. దీన్ని మరిచిపోయిన గ్రంథాలయంలో కంప్యూటర్ రోజూ ఉదయం శుభ్రంగానే లేస్తుంది, కానీ మూడేళ్ల కిందటి శుభ్రతతో.

కదలిక లేకపోతే ఐదు నిమిషాల్లో దానంతటదే రీస్టార్ట్ అయ్యేలా చాలాచోట్ల పెడతారు. ఇంగ్లీషు ఫారాన్ని వేలితో పట్టి పట్టి చదివే పెద్దాయనకు ఇది శిక్ష. సగం నింపిన ఫారం పోతుంది, మళ్లీ ఓటీపీ నుంచి మొదలు. దానికంటే తెర మీద పెద్ద అక్షరాలతో పని అయిపోయింది అనే బటన్ ఒకటి, కుర్చీ ఖాళీ అయితే సిబ్బంది నొక్కే అలవాటు ఒకటి మేలు.

పొర ఆపలేనివి

కీబోర్డు వైరుకీ కంప్యూటర్‌కీ మధ్య గోరంత పరికరం పెట్టి నొక్కిన ప్రతి మీటనూ రాసుకోవచ్చు. దీన్ని హార్డ్‌వేర్ కీలాగర్ అంటారు. ఇది డిస్క్ మీద లేదు కాబట్టి ఏ రీస్టార్టూ దీన్ని తొలగించదు. బ్రౌజర్‌లోని తాళం గుర్తు కూడా దీని గురించి ఏమీ చెప్పదు. ఆ గుర్తుకు అర్థం బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య దారి భద్రమని మాత్రమే. మీ వేలికీ బ్రౌజర్‌కూ మధ్య దారి దాని పరిధి కాదు. మందు సులువే. రోజూ ఉదయం దుమ్ము తుడిచేటప్పుడు వెనుక వైర్లు చేత్తో తడిమి చూడటం, కంప్యూటర్ పెట్టె వెనుక భాగం అందరికీ అందకుండా ఉంచడం. ఓటీపీ ఉన్న సేవల్లో దొంగిలించిన పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు కాబట్టి కొంత రక్షణ ఉంటుంది.

ఇక ప్రింటర్. నా అంచనాలో ఇంత సాంకేతికత మధ్య ఎక్కువ రహస్యాలు బయటపడే దారి చెత్తబుట్టే. సగం పడి ఆగిన ప్రింటు, అంచు తెగిన ఆధార్ ప్రతి అందులోకే వెళ్తాయి. ప్రింటర్ పక్కన కాగితాలు ముక్కలు చేసే యంత్రం లేకపోతే కనీసం చించి పడేయమని తెలుగులో, హిందీలో రాసిన అట్ట ఒకటి ఉండాలి. అసలు ప్రింటు అవసరమేనా అన్నదీ అడగాలి. డిజిలాకర్‌లో ప్రభుత్వ శాఖలు నేరుగా జారీ చేసిన పత్రాలు 2016 నాటి డిజిటల్ లాకర్ నిబంధనల్లోని 9ఏ ప్రకారం అసలు పత్రాలతో సమానం.

నకిలీ సైట్ల నుంచి కాపాడటానికి గ్రంథాలయం చేయగల మంచి పని, బ్రౌజర్ తెరవగానే అసలు సేవల లింకులున్న పేజీ కనిపించేలా పెట్టడం. సెర్చ్‌లో వెతికితే పైన వచ్చేది ప్రకటన కావచ్చు. చిరునామాను కుడి నుంచి ఎడమకు చదవడం నేర్పాలి. తొలి అడ్డగీతకు ముందు చివర్లో డాట్ గవ్ డాట్ ఇన్ ఉంటే అది ప్రభుత్వానిది. గవ్ అనే మాట మధ్యలో ఎక్కడో ఉండి చివర డాట్ కామ్ ఉంటే కాదు. కొన్ని సైట్లకే అనుమతి ఇచ్చి మిగతావన్నీ ఆపేస్తే ఇంకా భద్రం కదా అనిపిస్తుంది. ఆచరణలో ఫీజు కట్టే దగ్గర చెల్లింపు సంస్థ పేజీ తెరుచుకోదు, పని అక్కడే ఆగిపోతుంది.

తెర ఎటు తిరిగి ఉండాలి?

2011లో కేంద్రం సైబర్ కేఫ్‌లకు నిబంధనలు ఇచ్చింది. వచ్చినవారి గుర్తింపు పత్రం చూడాలి, రిజిస్టర్ కనీసం ఏడాది ఉంచాలి, చూసిన సైట్ల చరిత్ర కూడా ఉంచాలి. అర మధ్య గోడ నాలుగున్నర అడుగులు మించకూడదు. అర లేని చోట తెర అందరికీ కనిపించేలా బయటికి తిరిగి ఉండాలి. ఐటీ చట్టం దృష్టిలో సైబర్ కేఫ్ అంటే వ్యాపారంలో భాగంగా ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చే చోటు. డబ్బు తీసుకోని గ్రంథాలయం అందులోకి వస్తుందా అన్నది వాదనకు తావున్న మాటే. కానీ చాలామంది అధికారులు మనకెందుకొచ్చిందని కేఫ్ నియమాలే పాటిస్తారు.

ఉగ్రవాదం, నేరాల భయంతో రాసిన నియమాలివి. తెర బయటికి తిరిగి ఉంటే తప్పుడు పనులు చేయరన్నది ఆలోచన. పెన్షన్ పాస్‌బుక్ చూసుకునే మనిషికి అదే తెర ఊరందరికీ తన బ్యాంకు నిల్వ చూపించే బోర్డు. దీనికి భౌతికశాస్త్రం ఒక మధ్యేమార్గం ఇస్తుంది. ప్రైవసీ ఫిల్టర్ అనే పలచని ప్లాస్టిక్ పలకలో వెంట్రుక కంటే సన్నని నిలువు పట్టీలు కిటికీ వెదురు తడికల్లా వరుసగా ఉంటాయి. ఎదురుగా కూర్చుంటే పట్టీల అంచులే కంటికి ఎదురవుతాయి కాబట్టి వెలుగు వచ్చేస్తుంది. పక్కకు సుమారు 30 డిగ్రీలు జరిగితే పట్టీలు అడ్డొచ్చి తెర నల్లగా కనిపిస్తుంది. సరిగ్గా వెనుక నిలబడినవారికి మాత్రం కనిపిస్తుంది. కుర్చీ వెనుక గోడ ఉంటే ఆ చిక్కూ తీరుతుంది.

రిజిస్టర్ విషయంలో నా అభిప్రాయం ఇది. ఏ కంప్యూటర్ దగ్గర ఏ సమయానికి ఎవరు కూర్చున్నారో రాసుకోవడం వేరు, వారు ఏం చూశారో రాసుకోవడం వేరు. పుస్తకాల విషయంలోనూ ఎవరు తీసుకెళ్లారో రాసుకుంటాం కానీ ఏ పేజీ దగ్గర ఆగారో రాసుకోం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా అవసరానికి మించి సమాచారం పోగేయడాన్ని ఒప్పుకోదు.

వేలిముద్ర మిగిలింది

జీవన్ ప్రమాణ్ 2014 నవంబరులో మొదలైంది. కంప్యూటర్ ద్వారా చేయాలంటే వేలిముద్ర లేదా కనుపాప పరికరం, దాని సాఫ్ట్‌వేర్ కావాలి. మనం ముందు పక్కన పెట్టిన రెండో మినహాయింపు ఇదే. ఆధార్ వ్యవస్థలో ఇప్పుడు రిజిస్టర్డ్ పరికరాలే చెల్లుతాయి. వీటిలో ఎల్1 రకంలో వేలిముద్ర పరికరం లోపలి భద్రమైన చిప్‌లోనే గుప్తీకరణ అయ్యి బయటికి వస్తుంది. కంప్యూటర్‌కు అందేది తాళం వేసిన పెట్టె మాత్రమే. పాత ఎల్0 రకంలో ఆ తాళం కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ వేసేది. అందరూ వాడే కంప్యూటర్‌కు ఎల్1 ఎందుకు కావాలో పైన చెప్పుకున్నదంతా చదివినవారికి వేరే చెప్పక్కర్లేదు. పొర పద్ధతితో ఇక్కడొక పేచీ ఉంది. పరికరం సాఫ్ట్‌వేర్‌ను పొర పరవకముందే, అసలు డిస్క్ మీద వేయాలి. లేకపోతే ప్రతి రీస్టార్ట్‌కూ మాయమవుతుంది. అది ఎప్పటికప్పుడు రాసుకునే ఫోల్డర్‌కు పొర నుంచి మినహాయింపు కూడా ఇవ్వాల్సి రావచ్చు. ఆ మినహాయింపు ఒక్క ఫోల్డర్ దాటకుండా చూసుకోవాలి.

జీవితమంతా చేతిపని చేసిన పెద్దవారి వేలి గీతలు అరిగిపోయి ఉంటాయి. వయసుతో చర్మం పొడిబారి పరికరం ఇంకా సరిగ్గా చదవదు. ఉక్కు ఊళ్లో ఇలాంటి వేళ్లకు కొదవ లేదు. 2021 నవంబరు నుంచి ఆండ్రాయిడ్ ఫోన్‌లో ముఖం చూపించి కూడా జీవన్ ప్రమాణ్ ఇవ్వచ్చు. అంటే ఈ ఒక్క పనికి బల్ల మీది కంప్యూటర్ కంటే గ్రంథాలయం తరఫున ఒక మంచి కెమెరా ఉన్న ఫోన్, కిటికీ పక్కన వెలుతురు పడే కుర్చీ ఎక్కువ ఉపయోగం. ఓటీపీ పెన్షనర్ సొంత ఫోన్‌కే వస్తుంది, ఆయనే చదివి ఆయనే నొక్కాలి. సిబ్బంది చేయి ఆ ఫోన్ మీద పడకూడదు. పాత సిమ్ పోగొట్టుకుని, ఆధార్‌కు ఇప్పటి నంబరు జోడించనివారికి ముందు ఆధార్ కేంద్రానికి దారి చూపించాలి. ఆ పని గ్రంథాలయంలో కాదు.

ప్రభుత్వ పెన్షనర్లు ఎక్కువగా నవంబరులోనే ధ్రువపత్రం ఇస్తారు కాబట్టి ఆ నెల రద్దీ ఉంటుంది. భవిష్యనిధి సంస్థ వారి 1995 పథకం కింద పెన్షన్ తీసుకునేవారు ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వచ్చు, ఇచ్చిన రోజు నుంచి 12 నెలలు చెల్లుతుంది. వారిని ఫిబ్రవరిలోనో జులైలోనో రమ్మని చెబితే, నవంబరులో ఆ ఒక్క కుర్చీ దగ్గర వరుస సగం తగ్గుతుంది.